దుభాషి వచ్చేదాకా

జిల్లా గవర్నరు, వాలీ గారి కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఇన్సాఫ్ మూడుసార్లు చదివింది. మూడుసార్లూ తల్లికి చేతులతో చెప్పింది. ఏప్రిల్ ఏడున ప్రపంచ ఆరోగ్య దినం. జనానికి వైద్యం అందాలని పాటుపడిన ఐదుగురిని జిల్లా తరఫున సన్మానిస్తున్నారు. అందులో మూడో పేరు మన్నూబియా.

మన్నూబియా వంటింటి బల్ల ముందు కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. చేతులు కొంగుకి తుడుచుకుని సైగ చేసింది: "ఎన్నిసార్లు చెప్తావే? నేను చెవిటిదాన్ని గానీ మతిలేనిదాన్ని కాదు."

"నీకు సంతోషంగా లేదా అమ్మా?"

"ఉంది. కానీ మూడో పేరేంటి? మొదటివాడెవడు?"

"వయసును బట్టి రాశారమ్మా. మొదటాయనకు ఎనభై దాటాయి."

"అయితే సరే" అని మళ్లీ బఠాణీల మీద పడింది. కానీ రెండు నిమిషాలు తిరక్కుండానే లేచి, ఉత్తరం తీసుకెళ్లి భర్త హేదీ ముక్కు కింద పెట్టింది. హేదీ పడవలకు రంగులు వేస్తాడు. ఆయనా పుట్టు చెవిటివాడే. అక్షరాలు పెద్దగా రాకపోయినా భార్య పేరు గుర్తుపట్టగలడు. ఆ పేరు మీద వేలు పెట్టి, కూతురి వైపు చూసి, ఛాతీ ఇంత వెడల్పు చేసి చూపించాడు.

వాళ్లిద్దరికీ పుట్టిన ఒక్క బిడ్డ ఇన్సాఫ్, వినగలదు. ఇప్పుడు ఇరవై ఏడేళ్లు, హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఐదేళ్లప్పటి నుంచి ఆ ఇంటికి టెలిఫోను తనే, తలుపు గంట తనే, బ్యాంకులో, కరెంటాఫీసులో, చేపల బజారులో బేరమాడే నోరూ తనే. తోటి పిల్లలు వీధిలో బంతాట ఆడుతుంటే తను ఇంటి యజమానితో అద్దె తగ్గించమని వాదించేది. అవన్నీ ఎలాగో మోసింది. ఒక్క రోజు మాత్రం ఆ పిల్ల మోయగలిగిన బరువు కాదు.

అప్పుడు ఇన్సాఫ్‌కి తొమ్మిదేళ్లు. మన్నూబియాకు ఏడో నెల. బెనీ జనాన్ ఊరి చివరున్న బట్టల ఫ్యాక్టరీలో ప్యాంట్లకు జేబులు కుట్టే వరసలో పనిచేసేది. ఒక మధ్యాహ్నం మిషను ముందే రక్తం కనబడింది. హేదీ ఎక్కడో దక్షిణాన ఇంకో రేవులో ఉన్నాడు. పక్క మిషను మీద కుట్టే జుహైరా బడికి పరిగెత్తి, క్లాసు మధ్యలోంచి ఇన్సాఫ్‌ని లాక్కొచ్చి ఇద్దరినీ ఆసుపత్రిలో చేర్చింది. లోపలికి బంధువులకే ప్రవేశమన్నారు. జుహైరా వరండాలో ఆగిపోయింది.

డాక్టరు కాగితాల్లోంచి తలెత్తకుండానే అన్నాడు: "పాపా, మీ అమ్మకు చెప్పు. కడుపులో బిడ్డ గుండె ఆగిపోయింది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి."

తల్లి మంచం మీంచి కూతురి చేతుల వైపే చూస్తోంది. ఇన్సాఫ్ చేతులు లేచాయి గానీ ఏం చెప్పాలో వాటికి తెలియలేదు. చివరికి చెప్పింది: "పాపాయి నిద్రపోతోంది. లేవదట."

మన్నూబియా నవ్వింది. "సరే, పడుకోనీ" అంది.

"నవ్వుతోందేంటి?" డాక్టరు గద్దించాడు. "సరిగ్గా చెప్పావా లేదా?"

అప్పుడు ఇన్సాఫ్, వారం కిందట పెరట్లో చచ్చిపడిన కోడిపుంజును చూసి నాన్న చేసిన సైగ చేసింది. తల్లి ముఖంలో నవ్వు ఎలా ఆరిపోయిందో ఆ పిల్ల చూసింది. తను మొదట తప్పు చెప్పబట్టే అమ్మ నవ్విందనీ, అలాంటి మాటకు నవ్వేలా చేసింది తానేననీ ఆ పిల్ల మనసులో ముల్లు దిగింది. ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరికని చెప్పుకుంటుంది?

ఆ ఆపరేషన్లో గర్భసంచి కూడా తీసేశారన్న సంగతి మన్నూబియాకు రెండేళ్ల తర్వాత, వేరే ఊళ్లో ఒక డాక్టరమ్మ చూస్తే తెలిసింది. ఆ మాట చేతులతో చెప్పిందీ ఇన్సాఫే, పదకొండేళ్ల వయసులో. తిరుగు బస్సులో మన్నూబియా చాలాసేపు కిటికీలోంచి ఆలివ్ తోటలు చూస్తూ కూర్చుంది. ఆఖరికి ఇటు తిరిగి అంది: "ఇక నువ్వు నాతో ఆసుపత్రికి రావు. చచ్చినా రావు. వాళ్లే నేర్చుకుంటారు."

ఆ వచ్చే శనివారం, సగం పూట సెలవు రోజున, మన్నూబియా ఆసుపత్రి ఓపీ చీటీల కిటికీ ముందు ఒంటరిగా నిలబడింది. గుమాస్తా కాగితం మీద రాసిచ్చాడు: బంధువును తీసుకురండి. ఆమె ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి, మూడో తరగతి దాకా నేర్చిన వంకర అక్షరాలతో రాసింది: దుభాషిని మీరు తీసుకురండి. గుమాస్తా పక్కవాడికి చూపించి నవ్వాడు. ఆమె ఆ తర్వాతి శనివారమూ వచ్చింది. ఆ పై శనివారమూ వచ్చింది.

ఎమర్జెన్సీలో సాబెర్ అని కొత్తగా చేరిన నర్సు కుర్రాడొకడు, శనివారం శనివారం వచ్చి నిలబడే ఈమెను చూసి చూసి ఒకనాడు టీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చాడు. సైగల భాష నేర్పమని చేతులూపి అడిగాడు. ముందు తిట్లు నేర్పాలి, రోగాలు తర్వాతట. ఆమె రెండూ నేర్పింది. తిట్లు వారంలో వచ్చేశాయి. రోగాలకు రెండేళ్లు పట్టింది. సాబెర్‌ని చూసి ఇంకో నలుగురు నర్సులు చేరారు. ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, కడుపుతో ఉన్నావా, ఏ మందు పడదు... ఇలా శనివారం శనివారం వరండా బల్ల మీద పాఠాలు సాగాయి. చుట్టుపక్కల ఊళ్ల చెవిటి కుటుంబాలు నలభై మూడు ఆ బల్ల దగ్గరే ఒకరినొకరు కలుసుకున్నాయి. ఆసుపత్రికి వెళ్లడమంటే భయపడి ఇంట్లోనే రోగాలు దాచుకున్న వాళ్లు ఎందరో అప్పుడు బయటపడ్డారు.

పెద్దవాళ్లకు మాత్రం ఇది రుచించలేదు. "నువ్వు నర్సువా, దుభాషివా?" అని సాబెర్‌ని వేరే వార్డుకు మార్చారు. రాజధానికి రాసిన అర్జీలకు ఒకటే జవాబు: అలాంటి ఉద్యోగం జాబితాలో లేదు. ఆరేళ్లు అలా గడిచాయి.

అప్పుడు మన్నూబియా ఫ్యాక్టరీలో అన్నం గంటకు బల్లెక్కి నిలబడింది.

ఆ ఫ్యాక్టరీ సంగతొకటి చెప్పాలి. రెండు వందల మిషన్లు ఒక్కసారి కదిలితే అక్కడ చెవులున్నవాళ్లూ చెవిటివాళ్లే. అందుకని ఆడవాళ్లందరూ ఎప్పటి నుంచో మన్నూబియా దగ్గర సైగలు నేర్చేసుకున్నారు. సూపర్‌వైజరు వీపు వెనక పెళ్లి కబుర్లూ, అత్తల మీద చాడీలూ అన్నీ ఆ చేతుల్లోనే. ఆమెను పిలవాలంటే చెక్క నేల మీద కాలితో తన్నేవారు, అదురు ఆమె పాదాలకు తెలిసేది.

"ఒసేయ్, నాకు మీ నోళ్లు కావాలి" అంది మన్నూబియా బల్ల మీంచి. "మూసిపెట్టడానికి."

జుహైరా పగలబడి నవ్వింది. "నా నోరు మూయించడం మా ఆయన వల్లే కాలేదే తల్లీ, నీ వల్ల అవుతుందా?"

అయింది. సోమవారం పొద్దున్న అరవై రెండు మంది ఆడవాళ్లు సెలవు పెట్టి ఓపీ కిటికీ ముందు వరసకట్టారు. అందరివీ నిజం రోగాలే: నడుము నొప్పి, కాళ్లలో నరాలు ఉబ్బడం, షుగరు. ఎమర్జెన్సీ తలుపు దగ్గర ఒక్కరు కూడా నిలబడకూడదని మన్నూబియా ముందే కట్టడి చేసింది. గుమాస్తా మొదటామెను పేరడిగాడు. ఆమె చేతులతో చెప్పింది. "నోరు లేదా?" అన్నాడు. ఆమె దానికీ చేతులతోనే జవాబు చెప్పింది. ఆ సైగ గుమాస్తాకు అర్థం కాలేదు గానీ వరసంతా భుజాలు కదిలేలా నవ్వింది. రెండో ఆమె, పదో ఆమె, ఇరవయ్యో ఆమె, ఎవరూ పెదవి కదపలేదు. గుమాస్తా తల ప్రాణం తోకకొచ్చి వాచ్‌మన్‌ని కేకేశాడు. వాచ్‌మన్ వచ్చి చూస్తే వరసలో పదిహేడో మనిషి అతని పెళ్లామే. "ఏమే, నువ్వూనా?" అన్నాడు. ఆమె కూడా సైగే చేసింది. పాపం, అతను టోపీ తీసి బుర్ర గోక్కుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి డైరెక్టరు మెట్లు దిగివచ్చాడు. మన్నూబియా ముందు నిలబడి ఏం కావాలని అడిగాడు. ఆమె చేతులు కట్టుకుని ఊరుకుంది. డైరెక్టరు అటూ ఇటూ చూశాడు. చివరికి తనే మనిషిని పంపి సాబెర్‌ని పై వార్డులోంచి పిలిపించుకోవలసి వచ్చింది.

దుభాషి ఉద్యోగం మంజూరయ్యేసరికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది. సాబెర్ రాజధానిలో ఏడాది శిక్షణ పూర్తిచేసి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. పక్క ఊళ్ల ఆసుపత్రులు మూడు ఫోన్ తెర మీద అతన్నే పిలుస్తున్నాయి. వాలీ గారి ఉత్తరం వచ్చింది ఆ పని చూసే.

ఏప్రిల్ ఏడున మునిసిపల్ హాలు నిండిపోయింది. ముందు వరసలో సన్మానం అందుకునే ఐదుగురు, వాళ్ల ఇంటివాళ్లు. వెనక నాలుగు వరసలు ఫ్యాక్టరీ ఆడవాళ్లు. ఎడమ పక్కంతా చెవిటి కుటుంబాలు, పెళ్లికొచ్చినట్టు ముస్తాబై. మన్నూబియా తన పెళ్లినాటి జరీ జాకెట్టు వేసుకుంది. అది ఇప్పుడు పట్టదని తెలిసి పక్కలు విప్పి తనే కొత్త పీలికలు వేసి కుట్టుకుంది.

మొదటి ఇద్దరి పేర్లు పిలవడం, చప్పట్లు అయ్యాయి. మూడో పేరు పిలిచారు. మన్నూబియా వేదికెక్కింది. వాలీ గారు చెయ్యి కలిపి, గాజు పలక చేతికిచ్చి, మైకు వైపు చూపించారు. ఆమె వేదికకు ఆ చివరా ఈ చివరా చూసింది. ఎవరూ లేరు.

మునిసిపల్ కార్యదర్శి నూరుద్దీన్ వంగి వంగి ముందు వరసకు వచ్చాడు. "అమ్మాయ్, కాస్త లే. మీ అమ్మగారి మాటలు నాలుగు చెప్పెయ్. ఐదు నిమిషాలే, నీకు అలవాటేగా."

ఇన్సాఫ్ కాళ్లు వాటంతటవే లేచాయి. ఇరవై రెండేళ్ల అలవాటు. రెండడుగులు వేసింది కూడా.

వేదిక మీంచి తల్లి చెయ్యి కత్తిలా కిందికి దిగింది: "కూర్చో."

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఇవాళ నువ్వు చుట్టానివి. చుట్టాలు పని చెయ్యరు. కూర్చో."

ఇన్సాఫ్ ముఖం ఎర్రబడింది. కూర్చుంది. ఒళ్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకుంది. హాలంతా గుసగుసలు. వెనక నుంచి జుహైరా లేచి, "నేను చెప్తానే!" అని గొంతుతోనూ చేత్తోనూ అంది.

"నువ్వొద్దు" అంది మన్నూబియా. "నేను ఉప్పు అంటే నువ్వు ఉప్పూ కారం కలిపి వడ్డిస్తావు."

సైగలు తెలిసిన నాలుగు వరసలూ ఘొల్లుమన్నాయి. వాలీ గారికేమీ అర్థం కాక, తన మీద నవ్వారేమోనని టై సర్దుకున్నారు. మన్నూబియా ఆయన ముందున్న కాగితం, కలం తీసుకుని రాసి, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది. అక్షరాలు ఇప్పటికీ వంకరే: దుభాషి ఏడి?

వాలీ గారు చదివారు. నూరుద్దీన్ వైపు తిరిగారు. "ఏర్పాటు చెయ్యలేదా?"

"కూతురుంది కదా అని, సార్..."

"నూరుద్దీన్ గారూ, మనం ఈవిడకు ఎందుకు సన్మానం చేస్తున్నామో చదివారా?"

కార్యదర్శి గారి మెడ మీద చెమట పట్టింది. ఆసుపత్రికి ఫోన్ చేశారు. సాబెర్ డ్యూటీలో ఉన్నాడు; ఒక చెవిటి ముసలాయనకు కంటి ఆపరేషన్ గురించి డాక్టరు చెబుతుంటే పక్కన ఉన్నాడు. వదిలి రమ్మందామా అని నూరుద్దీన్ అడిగాడు. ఆ మాట జుహైరా కారమేమీ కలపకుండా సైగలోకి మార్చింది.

"రోగి ముందు" అంది మన్నూబియా. "నాకు తొందర లేదు." అని వేదిక మీది కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చుంది.

వాలీ గారు గడియారం చూసుకున్నారు. తర్వాత ఆయన కూడా పక్క కుర్చీలో కూర్చున్నారు. పెద్దాయన కూర్చున్నాక లేచి వెళ్లేదెవరు? తర్వాత పంచాల్సిన బాదం షర్బత్తులు, మిఠాయిలు ముందే బయటికొచ్చాయి. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో హాలు హాలంతా సంతలా మారింది. చెవిటి పిల్లలు పెద్ద పెద్ద అధికారులకు వాళ్ల పేర్లు చేతులతో ఎలా రాయాలో నేర్పారు. వాలీ గారికి ఒక సైగ పేరు కూడా పెట్టేశారు: మణికట్టు మీద రెండుసార్లు తట్టడం, అంటే గడియారం. అది విని ఆయన నవ్వి, గడియారం విప్పి జేబులో వేసుకున్నారు.

ఇన్సాఫ్ మాత్రం కదలకుండా కూర్చుని తల్లినే చూసింది. ఇన్నేళ్లూ నలుగురిలో అమ్మ చేతులు కదిలితే తను మాటలు వెతుక్కోవడమే సరిపోయేది. అమ్మ ముఖం చూసే తీరికెక్కడిది? ఇప్పుడు చూస్తే, పక్క కుర్చీలో జిల్లా పెద్ద ఉన్నా, ఆమె తన ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది.

సాబెర్ తెల్లకోటుతోనే ఆయాసపడుతూ వచ్చాడు. మైకు ముందు నిలబడి, మన్నూబియా చేతుల్లోకి చూశాడు. అతని గొంతులో ఆమె మాటలు మొదలయ్యాయి.

"నా పేరు మన్నూబియా. ముప్పై ఏళ్లుగా ప్యాంట్లకు జేబులు కుడుతున్నా. ఈ హాల్లో మగాళ్ల జేబుల్లో సగం నావే అయ్యుంటాయి. వాటిల్లోంచి చేతులు బయటికి తియ్యండి. మాట్లాడేటప్పుడు చేతులు దాచడం మాలో మర్యాద కాదు."

నిజంగానే ఇద్దరు ముగ్గురు చేతులు తీశారు.

"ఈ గాజు పలక నా ఒక్కదానిది కాదు. ఒకరోజు నా కోసం అరవై రెండు మంది నోళ్లు మూసుకున్నారు. అందులో జుహైరా కూడా ఉంది. దాన్నెరిగినవాళ్లకు అదెంత త్యాగమో తెలుసు."

వెనక వరసలు చెక్క నేలను కాళ్లతో తన్నాయి. హాలు అదిరింది. మన్నూబియా ఆ అదురు పాదాల్లోంచి మోకాళ్ల దాకా ఎక్కేవరకు ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.

"నా కూతురొకతి ఇక్కడుంది. దానికి తొమ్మిదేళ్లప్పుడు, నా కడుపులో బిడ్డ పోయిందన్న మాట దాని చేతులతో నాకు చెప్పించారు. దానికొక మాట నలుగురిలో చెప్పాలని అప్పట్నుంచీ నాకుంది. కానీ నలుగురిలో నేనేం చెప్పినా దాని నోటితోనే రావాలి కదా. నీ మంచి నువ్వే చెప్పుకోమని పిల్లనెలా అడగను? ఇవాళ నాకు దుభాషి ఉన్నాడు."

ఆమె ముందు వరస వైపు తిరిగింది.

"ఇన్సాఫ్, ఆరోజు నువ్వు తప్పు చెప్పలేదు. 'నిద్రపోతోంది, లేవదట' అన్నావు. నాకు అప్పుడే అర్థమైంది. నా బిడ్డ సంగతి నాకు తెలియదా? నేను నవ్వింది నీ కోసం. ఇంకో మాట నీతో చెప్పించకూడదని నవ్వాను. ఆ డాక్టరు వినలేదు. నీది తప్పు లేదు తల్లీ. తొమ్మిదేళ్ల పిల్ల అంతకంటే మెత్తగా ఆ మాట ఎలా చెబుతుంది?"

చివరి వాక్యం దాకా సాబెర్ ఎక్కడా ఆపలేదు. ఒక్క మాటా వదల్లేదు.

ఇన్సాఫ్ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. హేదీ ఆమె తల మీద చెయ్యి వేశాడు, రంగు మరకలు పోని చెయ్యి. ఎంత ఏడ్చినా ఆపమని ఎవరూ అనలేదు. తలెత్తేసరికి తల్లి ఆమె కోసమే చూస్తోంది. ఇన్సాఫ్ చేతులు తడిగా ఉన్నాయి. "చూశాను" అని మాత్రం అంది. మన్నూబియా తలూపింది, ఇక అసలు పనిలో పడింది.

"వాలీ గారూ, సాబెర్ మూడింటికి ఇంటికెళ్లిపోతాడు. ఆదివారం సెలవు. అతనికి పెళ్లాం పిల్లలున్నారు, వెళ్లాలి. కానీ మా రోగాలకు గడియారం లేదు. మీ గడియారం లాగా జేబులో వేసుకోలేం. ఇంకో మనిషి కావాలి. మీరు సరేనంటే ఈ పలక ఇంటికి తీసుకెళ్తా. లేదంటే వచ్చే శనివారం మీ ఆఫీసు కిటికీ ముందు నిలబడతా. మా ఫ్యాక్టరీకి మీ ఆఫీసు దగ్గరే."

వాలీ గారు లేచి నిలబడ్డారు. మైకు తీసుకోబోయి, ఆగి, మన్నూబియాకు ఎదురుగా తిరిగి, ఇందాక పిల్లలు నేర్పిన సైగల్లోంచి ఒకటి వెతికి తడబడుతూ చేశారు. "సరే" అనబోయి "షుగరు" అన్నారు. చెవిటి వరసలు విరగబడి నవ్వాయి. ఆయన సాబెర్ వైపు చూసి గొంతుతో చెప్పారు: "సరే అన్నానని చెప్పండి. మూడు నెలలు గడువివ్వమనండి."

"రెండు" అంది మన్నూబియా.

సభ ముగిశాక ఒక విలేకరి ఇన్సాఫ్ దగ్గరికి వచ్చాడు. "మీ అమ్మగారికి గొంతు మీరేనంటారు కదా, రెండు మాటలు చెబుతారా?"

"నేను లెక్కల టీచర్నండి" అంది ఇన్సాఫ్ ముక్కు తుడుచుకుంటూ. "ఆవిడ మాట కావాలంటే ఆవిడ్నే అడగండి. సాబెర్ అదుగో, షర్బత్తు తాగుతున్నాడు."

మన్నూబియా రెండు నెలలన్నది వాలీ గారు రెండున్నర చేశారు. జూన్ చివర్లో ఆసుపత్రిలో రెండో దుభాషి చేరింది. ఎవరో కాదు, ఆ వాచ్‌మన్ పెళ్లాం. అరవై రెండు మందిలో చేతులు అందరికంటే చురుకైనవని సాబెరే ఆమెను కిందటేడే రాజధానికి శిక్షణకు పంపించి ఉన్నాడు. గాజు పలకను మన్నూబియా ఇంట్లో ఉంచుకోలేదు. ఫ్యాక్టరీలో జేబుల వరసకు ఎదురుగా గోడకు కొట్టించింది. మేకు కొట్టింది జుహైరా. వంకరగా కొట్టిందని మన్నూబియా, చూసే కన్నే వంకరని జుహైరా ఆ వారమంతా పోట్లాడుకున్నారు.